మొప్ప బాగుంటే చేప బాగుంటుంది

పెరట్లో తొట్టి కట్టించి బంగారు చేపల్ని వదిలిన ఇళ్ళలో పిల్లలు నన్నడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే. "తాతయ్యా, నీళ్ళు తేటగానే ఉన్నాయి. మేత రోజూ వేస్తూనే ఉన్నాం. మరి చేప ఎందుకు చచ్చిపోయింది?" ఇంట్లో ఒకరు దిష్టి తగిలిందంటారు. ఇంకొకరు కొట్టువాడు రోగిష్టి చేపను అంటగట్టాడంటారు. చాలాసార్లు అసలు కారణం ఆ తేట నీళ్ళలోనే కరిగి, కంటికి కనపడకుండా ఉంటుంది. అది చేప ఒంట్లోకి వెళ్ళే దారి మొప్ప. అందుకని ఈవేళ మన కబుర్లన్నీ మొప్ప చుట్టూనే.

ముందు మన చేప పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుందాం. గోల్డ్ ఫిష్ సొంత దేశం చైనా. అక్కడి చెరువుల్లో మట్టిరంగు కార్పు చేపల మధ్య ఎప్పుడైనా ఒకటి ఎర్రగానో పసుపుపచ్చగానో పుట్టేది. అలాంటివాటిని ఏరి, కొలనుల్లో విడిగా పెంచి, వాటి సంతానంలోంచి మళ్ళీ మంచి రంగున్నవాటిని ఏరుతూ వచ్చారు. వెయ్యేళ్ళ కిందటి సాంగ్ వంశపు రాజుల కాలానికే ఈ పెంపకం స్థిరపడింది. 17వ శతాబ్దంలో ఈ చేప ఐరోపా చేరింది. 1758లో లిన్నేయస్ దాన్ని తన జీవుల పట్టికలో ఎక్కించాడు. ఇప్పటి శాస్త్రీయ నామం కరాసియస్ ఆరేటస్. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కూడా కార్పు జాతులే. అంటే ఇది వాటికి దాయాది.

ఈ బంధుత్వం మరిచిపోకూడదు. కొట్లో బొటనవేలంత కనిపించే పిల్ల, చోటు దొరికితే దాదాపు అడుగు పొడవు పెరుగుతుంది. గాజు బుడ్డి దీనికి ఎప్పటికీ చాలదు. పెరటి తొట్టికి ఒంటి తోక చేపల్ని ఎంచుకోండి. మామూలు గోల్డ్ ఫిష్, కామెట్, షుబుంకిన్ రకాలు చురుగ్గా ఈదుతాయి, ఎండావానా తట్టుకుంటాయి. ఉబ్బు కళ్ళ టెలిస్కోప్, తలమీద గడ్డలున్న ఒరాండా, గుండ్రటి పొట్ట రాంచూ ఇంట్లో అద్దాల తొట్టిలో ఉండాల్సినవి. వాటిని ఒంటి తోక చేపలతో కలిపితే, మేత దగ్గర ఎప్పుడూ వెనకబడతాయి.

మొప్ప చేసే పని

అమ్మ బజార్లో చేపలు కొనేటప్పుడు మొప్ప మూత ఎత్తి చూడటం మీరు గమనించే ఉంటారు. ఎర్రగా ఉంటే తాజా చేప. ఆ ఎరుపు రక్తానిది. మూత కింద సన్నని పోగులు వరసగా ఉంటాయి. ప్రతి పోగు మీదా పలచని రేకులుంటాయి. రేకు గోడ మందం కొన్ని మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గోడకు అవతల నీళ్ళు, ఇవతల రక్తం.

గోడ ఇంత పలచగా ఎందుకుండాలి? లెక్క చూడండి. మనం పీల్చే గాలి లీటరులో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న మంచినీటి లీటరులో ఎంత కరిగినా 7.5 మిల్లీగ్రాములకు మించదు. మనకు దొరికేదానిలో ముప్పై ఆరో వంతుతో చేప బతకాలి. దానికి ప్రకృతి ఒక ఏర్పాటు చేసింది. మొప్ప రేకుల్లో నీళ్ళు ఒక దిక్కుకి పోతుంటే రక్తం దానికి ఎదురు దిక్కుగా ప్రవహిస్తుంది. అలా ఎదురెదురుగా పోవడం వల్ల, దారి పొడుగునా నీటిలోనే ఆక్సిజన్ కాస్త ఎక్కువుంటుంది, రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌లో 80 శాతం దాకా చేపలు ఇలా లాగేసుకోగలవు. మన ఊపిరితిత్తులు గాలిలోని ఆక్సిజన్‌లో పావు వంతే తీసుకుంటాయి.

మొప్ప పని ఊపిరితో అయిపోదు. ఒంట్లో తయారైన అమ్మోనియాను చేప ఎక్కువగా మొప్ప ద్వారానే బయటికి పంపుతుంది. మంచినీటి చేప రక్తంలోని ఉప్పులు నీటిలోకి జారిపోతూ ఉంటాయి. వాటిని తిరిగి లాక్కునేది కూడా మొప్పే. అంటే మనకు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చేసే పనుల్లో చాలా భాగం ఈ ఒక్క అవయవమే చేస్తుంది. ఆక్సిజన్‌ను సులువుగా రానిచ్చే పలచని గోడ విషాన్ని కూడా అంతే సులువుగా రానిస్తుంది. నీటిలో ఏ తేడా వచ్చినా మొట్టమొదట దెబ్బ తినేది మొప్ప. ఇది మనసులో పెట్టుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

తొట్టి, సున్నం, అరటి బోదె

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో రెండున్నర అడుగుల లోతు నీళ్ళు నింపామనుకోండి. అది 60 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్ల చొప్పున ఇంచుమించు 1700 లీటర్లు. పెరిగిన చేప ఒక్కోదానికి 150 నుంచి 200 లీటర్లు కేటాయిస్తే అందులో ఎనిమిదో పదో హాయిగా ఉంటాయి. కొన్నప్పుడు చిన్నవి కదా అని ముప్పై తెచ్చి వేయకండి, అవి పెరుగుతాయి. లోతు రెండడుగులకు తగ్గనివ్వకండి. లోతు తక్కువైతే ఎండాకాలంలో నీళ్ళు అడుగుదాకా కాగిపోతాయి.

కొత్త సిమెంటు తొట్టిలో చేపల్ని వెంటనే వదిలితే బతకవు. సిమెంటులోంచి సున్నం ఊరుతూ ఉంటుంది. నీటి పీహెచ్ 11, 12 దాకా పోతుంది. అంత క్షారం మొప్ప రేకుల్ని కాల్చేస్తుంది. అందుకని తొట్టి నింపడం, నాలుగైదు రోజులుంచి నీళ్ళు వదిలేయడం, మళ్ళీ నింపడం మూడు నాలుగు వారాలపాటు చేయాలి. మన వైపు అరటి బోదె ముక్కలు కోసి తొట్టిలో నానబెట్టే అలవాటు ఉంది. అందులో శాస్త్రం ఉంది. బోదె కుళ్ళేటప్పుడు ఆమ్లాలు, బొగ్గుపులుసు వాయువు పుడతాయి. అవి సున్నంతో కలిసి దాని కారాన్ని చంపుతాయి. తరవాత బోదె మొత్తం తీసేసి, గోడలు శుభ్రంగా రుద్ది కడిగి, కొత్త నీళ్ళు పట్టి, నాలుగు రోజులాగి పీహెచ్ కాగితం ముంచి చూడండి. 7 నుంచి 8.5 మధ్య నిలబడితే సున్నం బెడద వదిలినట్టే.

తొట్టికి పైనుంచి గట్టి ఇనుప జాలీ తప్పకుండా పెట్టించండి. రెండడుగుల నీళ్ళు పాకే పిల్లలకూ తప్పటడుగుల పిల్లలకూ ప్రాణాపాయం. జాలీ ఉంటే లకుముకి పిట్టలు, కొంగలు, పిల్లులు కూడా చేపల జోలికి రావు. వానాకాలంలో తొట్టి పొర్లకుండా పై అంచుకు ఒక గొట్టం అమర్చి, దాని మూతికి సన్నని వల కట్టాలి.

కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు

మునిసిపాలిటీ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. మనకు సూక్ష్మజీవుల బెడద లేకుండా చేసే ఆ క్లోరినే చేప మొప్పని తినేస్తుంది. వెడల్పాటి గంగాళాల్లో నీళ్ళు పట్టి ఒక రోజంతా ఆరుబయట ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందరగా కావాలంటే హైపో వాడాలి. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్, వెనకటి ఫొటో స్టూడియోల్లో వాడిన పలుకులే. అక్వేరియం కొట్లలో దొరుకుతుంది. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌ను అణచడానికి ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు కావాలి. వెయ్యి లీటర్లలో 0.2 చొప్పున క్లోరిన్ ఉంటే ఒకటిన్నర గ్రాము సరిపోతుంది. కుళాయిలో క్లోరిన్ అంతకన్నా ఎక్కువే వస్తుండవచ్చు కనక, హైపో కొంచెం ఎక్కువ పడ్డా నష్టం లేదు.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు, ఆ బాధ వేరు. భూమి లోతులనుంచి వచ్చే నీటిలో ఆక్సిజన్ తక్కువగానూ బొగ్గుపులుసు వాయువు ఎక్కువగానూ ఉంటాయి. గొట్టం తొట్టి అడుగున పెట్టి వదలకుండా, ఎత్తునుంచి జల్లుగా పడేట్టు చేయండి. గాలి తగిలి అది సర్దుకుంటుంది. ఇంకొక మాట. ఎండాకాలంలో నీళ్ళు ఆవిరైపోతుంటే పైపైన నింపుతూ పోవడం చాలామంది అలవాటు. ఆవిరయ్యేది నీరొక్కటే, అందులోని లవణాలూ మలినాలూ తొట్టిలోనే మిగిలి చిక్కబడతాయి. అందుకే వారానికో పది రోజులకో తొట్టి అడుగునుంచి అయిదో వంతు నీళ్ళు తోడేసి కొత్తవి పోయాలి. ఆ తోడిన నీళ్ళు కరివేపాకు చెట్టుకీ అరటి మొక్కలకీ పోయండి. అందులో నైట్రేటు ఉంటుంది, మొక్కలకు మంచి ఎరువు.

కనపడని పనివాళ్ళు

ఆ నైట్రేటు ఎక్కడిదని అడగరేం? మేతలోని మాంసకృత్తుల్లో నత్రజని ఉంటుంది. చేప తిన్నాక అందులో పెద్ద భాగం అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది. పది గ్రాముల మేత వేస్తే ఇంచుమించు 300 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని తయారవుతుందని చేపల పెంపకందార్ల లెక్క. మన 1700 లీటర్ల తొట్టిలో అది లీటరుకి 0.18 మిల్లీగ్రాము. వారం తిరిగేసరికి 1.2 దాటుతుంది. నీళ్ళు మాత్రం తేటగానే ఉంటాయి. కొత్త తొట్టిలో చేపలు రెండో వారంలో ఒకదాని వెనక ఒకటి పోవడానికి ముఖ్య కారణం ఇదే.

పాత తొట్టిలో అలా ఎందుకు జరగదు? అక్కడ గోడల మీద, రాళ్ళ మీద కొన్ని రకాల బాక్టీరియా కాపురం ఉంటాయి. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. మొప్పగుండా రక్తంలో చేరి, ఆక్సిజన్ మోసే ఎర్ర పదార్థాన్ని పనికిరాకుండా చేస్తుంది. అప్పుడు రక్తం గోధుమరంగుకి తిరుగుతుంది, నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేపకు ఊపిరాడదు. ఆ నైట్రైటును నైట్రోస్పైరా వంటి ఇంకో రకం బాక్టీరియా నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటుతో చేపకు పెద్దగా హాని లేదు. ఈ రెండు రకాలూ చాలినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకని మొదట రెండు చేపలతో మొదలుపెట్టి, మేత చాలా తక్కువగా వేస్తూ, నెలన్నర తరవాత తక్కినవి తెచ్చుకోవాలి. బాగా నడుస్తున్న తొట్టిలోంచి గుప్పెడు గులకరాళ్ళు తెచ్చి వేస్తే ఈ పని ఇంకా ముందే అవుతుంది.

ఈ బాక్టీరియాకు ఇల్లు కావాలి. మూతలేని ప్లాస్టిక్ డ్రమ్ములో గులకరాళ్ళు, ముతక స్పాంజి నింపి, చిన్న పంపుతో తొట్టి నీళ్ళు అందులోంచి తిరిగి వచ్చేట్టు పెడితే చాలు, అదే ఫిల్టరు. మురికి పట్టినప్పుడు స్పాంజిని తొట్టినీళ్ళలోనే పిండండి. కుళాయి కింద కడిగితే క్లోరిన్ తగిలి ఆ బాక్టీరియా చస్తుంది. కథ మళ్ళీ మొదటికొస్తుంది.

మధ్యాహ్నం ఒక గండం, తెల్లవారుజామున ఒక గండం

నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, దానితో ప్రమాదం తక్కువ. రెండోది అసలు అమ్మోనియా, అది మొప్ప గోడ దాటి లోపలికి వెళ్ళిపోతుంది. ఏది ఎంత ఉండాలో పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. పీహెచ్ 9కి 36 శాతానికి చేరుతుంది. నాచుతో పచ్చబడ్డ తొట్టిలో ఎండ కాసినంతసేపూ నాచు బొగ్గుపులుసు వాయువును వాడేసుకుంటుంది. దాంతో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాకా ఎక్కగలదు. పొద్దున్న నిరపాయంగా ఉన్న నీళ్ళే మూడు గంటలకు విషమైపోయేది అందుకే.

రాత్రి కథ తిరగబడుతుంది. వెలుతురు లేనప్పుడు నాచు ఆక్సిజన్‌ను తయారుచేయదు, పైపెచ్చు చేపలతో పాటు తానూ పీల్చుకుంటుంది. అడుగున కుళ్ళే ఆకులూ మిగిలిన మేతా ఇంకొంత లాగేస్తాయి. రాత్రంతా తరుగుతూ వచ్చిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. భీమవరం, కైకలూరు ప్రాంతాల చేపల రైతులు, రొయ్యల రైతులు రాత్రిళ్ళు ఏరేటర్లు తిప్పేది, తెల్లారకముందే చెరువు గట్టు మీద తిరిగేది ఇందుకే. మబ్బు పట్టిన రోజు వాళ్ళకు మరీ కంగారు. పగలు ఆక్సిజన్ సరిగా తయారు కాదు, రాత్రికి నిల్వ ఉండదు. ఎండలకు కాగిన నీటిమీద ఒక్కసారిగా పెద్ద వాన పడినా ప్రమాదమే. చల్లని నీళ్ళు కిందికి దిగి అడుగునున్న మురుగును పైకి లేపుతాయి.

మీరు కూడా రోజూ తెల్లారగానే ఒకసారి తొట్టి దగ్గరికి వెళ్ళండి. చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తుంటే, అది మేత అడగడం అనుకోకండి. నీటిపొర పైభాగంలో గాలి తగిలే చోట మాత్రమే ఆక్సిజన్ మిగిలి ఉందని, అక్కడి నీళ్ళు మొప్పలోకి లాక్కుంటున్నాయని అర్థం. వెంటనే మేత ఆపి, నీటిని చిలికినట్టు కదిలించి, ఎయిర్ పంపు పెట్టి, పావు వంతు నీళ్ళు మార్చండి.

మన ఎండాకాలం వాటికి పెద్ద పరీక్ష. చల్లని సోడా కన్నా వెచ్చబడిన సోడా మూత తీస్తే ఎక్కువగా పొంగుతుంది కదా, వేడెక్కినకొద్దీ నీళ్ళు తమలో కరిగిన వాయువును పట్టి ఉంచలేవు. 20 డిగ్రీల నీటిలో లీటరుకి 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీలకు 6.9 మాత్రమే. అదే సమయంలో చేప అవసరం పెరుగుతుంది. నీటివేడి పది డిగ్రీలు పెరిగితే చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ రెట్టింపు పైనే అవుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగే రోజులివి. బంగారు చేపకు 18 నుంచి 25 డిగ్రీల నీళ్ళు ఇష్టం. 30 దాటాక ఇబ్బంది మొదలవుతుంది. మే నెలలో తొట్టిమీద తాటాకు పందిరో, షేడ్ నెట్టో తప్పదు. మధ్యాహ్నపు ఎండ పడకుండా, పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలేట్టు వేయండి. కరెంటు పోతే పనిచేసేందుకు బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఐస్ గడ్డలు మాత్రం వేయకండి. ఒక్కసారిగా వేడి మారడం చేపకు వేడికన్నా ఎక్కువ హాని.

చలిని ఇవి ఎలా తట్టుకుంటాయో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఉత్తర దేశాల్లో చలికాలం చెరువుపైన మంచు గడ్డకడితే కింది నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది. బంగారు చేప, దాని దగ్గరి చుట్టం క్రూషియన్ కార్పు అప్పుడు ఆక్సిజన్ లేకుండానే చక్కెర నిల్వల్ని కరిగించి, పుట్టిన ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి, మొప్పగుండా బయటికి వదిలేస్తాయి. దీని కీలకమైన ఎంజైము రహస్యాన్ని ఓస్లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 2017లో విప్పారు. అలాంటప్పుడు క్రూషియన్ కార్పు రక్తంలో ఆల్కహాలు 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు దాటుతుంది. మన దేశంలో బండి నడిపేవాళ్ళకు చట్టం ఒప్పుకునే హద్దు 30. అయితే ఈ ఉపాయం ఒళ్ళు చల్లబడి, అవసరాలన్నీ బాగా తగ్గినప్పుడే ఎక్కువ కాలం సాగుతుంది. మన మే నెల వేడి నీటిలో అది వాటిని కాపాడదు. ఆ బాధ్యత మనదే.

మేత, మొక్కలు

బంగారు చేపకు మనకున్నట్టు జీర్ణాశయం లేదు. గొంతులో పళ్ళతో నమిలింది నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది. దాచుకునే సంచి లేదు కనక ఎప్పుడు చూసినా ఆకలిగానే కనిపిస్తుంది. మీ అడుగుల చప్పుడు వినగానే పరిగెత్తుకొస్తుంది. ఆ ముచ్చటకు కరిగిపోయి గుప్పెళ్ళు వేయకండి. రెండు మూడు నిమిషాల్లో పూర్తిగా తినేసేంత, రోజుకి రెండుసార్లు చాలు. బ్రెడ్డు, మరమరాలు వద్దు. కొట్లో అమ్మే మంచి గుళికల మేతకు తోడు, ఉడికించి తొక్క తీసిన బఠాణీ, పాలకూర, అజోల్లా వేయవచ్చు. అజోల్లాను మన రైతులు పశువుల మేతకి పెంచుతున్నారు, బంగారు చేపలకు కూడా అది ఇష్టమే. దోమ పిల్లల్ని అవే వేటాడి తింటాయి. ఊరికి వెళ్తే వారం రోజులు మేత లేకపోయినా పెరిగిన చేపకు ఏమీ కాదు. పక్కింటివాళ్ళు ప్రేమకొద్దీ ఎక్కువ వేస్తేనే ప్రమాదం.

తొట్టిలో ఒక మూల కలువ కుండీ పెట్టండి. ఆకులు నీడనిస్తాయి, వేళ్ళు నైట్రేటును లాగేసి నాచుకు తిండి లేకుండా చేస్తాయి. మూడో వంతు నీటి పైభాగాన్ని ఆకులు కప్పితే బాగుంటుంది, అంతకు మించనివ్వకండి. పున్నాచు వేస్తే చేపలు కొంత తింటాయి, కొంత గుడ్లు పెట్టుకోవడానికి వాడుకుంటాయి. గుర్రపు డెక్క జోలికి పోకండి. మన కాలువల్ని అది ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం.

జబ్బు, ఉప్పు, దోమల మందు

రోజూ చూసే కంటికి జబ్బు తొందరగా దొరుకుతుంది. రెక్కలు ముడుచుకుని మూలన నిలబడటం, ఒంటిని గోడకేసి రాసుకోవడం, మేతకు రాకపోవడం, మొప్పలు గబగబా ఆడటం మొదటి గుర్తులు. ఒళ్ళంతా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలుంటే అది ఇక్ అనే పరాన్నజీవి. అయితే మగచేప మొప్ప మూతల మీద మాత్రమే చిన్న తెల్ల పొక్కులు వరసగా కనిపిస్తే కంగారు పడొద్దు. అవి జతకట్టే కాలంలో వచ్చేవి. ఒంటిమీద పచ్చగా, చదునుగా పాకేది చేప పేను. పొలుసుల్లోంచి దారం ముక్కలా వేలాడేది యాంకర్ వార్మ్. ఇవన్నీ ఎక్కువగా కొత్త చేపతోనో కొత్త మొక్కతోనో వస్తాయి. అందుకే కొత్త చేపను మూడు నాలుగు వారాలు విడి తొట్టెలో ఉంచాకే పాతవాటితో కలపాలి.

మందుల పెట్టె తెరిచే ముందు అమ్మోనియా, నైట్రైటు పరీక్షించండి. ఆ కిట్లు అక్వేరియం కొట్లలో దొరుకుతాయి. నీళ్ళలో లోపం ఉంటే ఏ మందూ పనిచేయదు. నైట్రైటు కనిపిస్తే లీటరుకి ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కలిపి, నీళ్ళు మారుస్తూ ఉండండి. ఉప్పులోని క్లోరైడు మొప్ప దగ్గర నైట్రైటుకు పోటీగా నిలబడి దాన్ని లోపలికి పోనివ్వదు. డబ్బాల కొద్దీ యాంటీబయాటిక్ పొడి గుమ్మరించకండి. అది చేపకన్నా ముందు ఫిల్టరులోని బాక్టీరియాను చంపుతుంది. తెలియనప్పుడు పశువైద్యుణ్ణో మత్స్యశాఖ వాళ్ళనో అడగండి.

దోమల పొగబండి వీధిలోకి వస్తున్న చప్పుడు వినపడితే తొట్టిని పట్టాతో కప్పి, గాలి పీల్చే పంపును ఆపేయండి. పొగ తగ్గాక వెంటనే పట్టా తీసి పంపు వేయండి. అందులో తరచూ వాడే పైరిత్రాయిడ్ మందులు మనకు చేసే హాని తక్కువ, చేపలకు మాత్రం అతి కొద్ది మోతాదే ప్రాణం తీస్తుంది. తొట్టి పక్కనున్న గులాబీలకీ వంగమొక్కలకీ పురుగుమందు కొట్టడం కూడా మానేయండి.

ఒప్పుకుని తెచ్చుకోండి

బంగారు చేపకు మూడు సెకన్లే జ్ఞాపకం ఉంటుందనే మాట మీరు వినే ఉంటారు. అది నిజం కాదు. 1960లలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ అగ్రనాఫ్ జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు చేసింది ఈ చేపలతోనే. నేర్పిన పాఠాన్ని అవి రోజుల తరబడి గుర్తుపెట్టుకున్నాయి. 2022లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చక్రాలమీద నీటితొట్టి అమర్చి, చేప ఎటు ఈదితే బండి అటు కదిలేట్టు చేశారు. బంగారు చేపలు ఆ బండిని గురి దగ్గరికి నడపడం నేర్చుకున్నాయి. అంతటి తెలివి ఉన్న ప్రాణి మీ తొట్టిలో ఉంది.

బాగా చూసుకుంటే అది పదిహేను, ఇరవై ఏళ్ళు కూడా బతుకుతుంది. ఇంగ్లండులో 1956లో ఒక తిరునాళ్ళలో బహుమతిగా వచ్చిన టిష్ అనే బంగారు చేప 43 ఏళ్ళు బతికి 1999లో పోయింది. కాబట్టి తెచ్చుకునే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ముందు తొట్టి నానాలి, నీళ్ళు కుదురుకోవాలి, ఆ తరవాతే చేపలు.

ఎప్పుడైనా వాటిని పెంచలేని పరిస్థితి వస్తే, దగ్గర్లోని చెరువులోనో కాలవలోనో వదిలి పుణ్యం వచ్చిందనుకోకండి. అమెరికాలోని మినసోటా రాష్ట్రం బర్న్స్‌విల్‌లో జనం అలా వదిలిన బంగారు చేపలు చెరువులో బాగా పెద్దవైపోయాయి. అడుగునున్న మట్టి లేపి నీళ్ళు పాడుచేస్తున్నాయనీ, దయచేసి ఎవరూ వదలవద్దనీ 2021లో ఆ నగర అధికారులు వేడుకున్నారు. మన చెరువుల్లో బొచ్చెలకూ శీలావతులకూ ఆ గతి పట్టించకండి. పెంచలేని చేపను పెంచగలిగిన ఇంటికి ఇవ్వండి, లేదా కొన్న కొట్టుకే తిరిగి ఇచ్చేయండి.